నీలం రాని రోజులు

నాలుగో రోజు ఉదయం గాజుగుడ్డ తెల్లగా ఉంది.

అక్క మంచం మీద కాలు చాపి కూర్చుంది. నేను కింద పీట వేసుకుని కట్టు విప్పాను. పై మడత తెలుపు. దాని కింది మడత తెలుపు. అన్నిటికీ అడుగున, కుడి అరికాలిలో బొటనవేలి మొదట ఉన్న పుండు మీద, నేను అతికించిన జెల్ బిళ్ళ అతికించినట్టే ఉంది. అందులోని నీలిరంగు అందులోనే ఉంది.

"ఏటిరా, నీలం పోనాది," అంది అక్క. "మంచిదేనా?"

"మంచిదే."

"మంచిదైతే ఆ ముకం అలగేటి?"

"నా ముఖమే అంత అక్కా."

"అదీ నిజమే. నువ్వు పుట్టిన్నాడు అమ్మా అదే అన్నాది."

గుమ్మంలో కూర్చున్న లక్ష్మణమ్మ నవ్వింది. ఆమె పొరుగింటి మనిషి, అక్క నోట నచ్చనమ్మ; పనిలో అక్క పక్క యంత్రం దగ్గర కూర్చుంటుంది. అక్క ఆమె వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. తాము ఇద్దరూ కలిసి ఏదో గెలిచినట్టు. ఆ చూపు నాకు గుర్తుంది. అప్పుడు దానికి అర్థం వెతకలేదు.

బావ ఏసురాజు జీడిపప్పు గోదాములో బస్తాలు మోస్తాడు. ఆ ఒక్క మాట నా నోట వినడానికే పనికి వెళ్ళకుండా ఆగాడు. విని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను బిళ్ళను కదపకుండా కొత్త గుడ్డ చుట్టాను. ఆ ఉదయం నేను సంతోషంగా ఉన్నాను. ఇది రాస్తున్నప్పుడు ఆ వాక్యమే అన్నిటికంటే కష్టంగా ఉంది. అందుకే ముందుగా రాశాను.

అక్క పేరు జ్ఞానసుందరి. పలాసలో జీడిపిక్కలు కోసే పనికి పద్నాలుగో ఏట వెళ్ళింది; ఇప్పుడు యాభై రెండు. కోత యంత్రమంటే పెద్దదేమీ కాదు. ఒక బల్ల, ఎదురెదురుగా రెండు కత్తులు, కింద కాలితో తొక్కే మీట. ఆవిరి పట్టిన పిక్కను కత్తుల మధ్య నిలిపి కుడికాలితో మీట తొక్కితే తొక్క చీలి పప్పు బయటపడుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ కాలు అదే పని చేస్తుంది. షుగరు ముదిరి పాదానికి స్పర్శ పోయిన తర్వాత కూడా చేసింది. మీట ఒరిసి బొబ్బ లేచింది. బొబ్బ చితికి పుండైంది. నొప్పి లేదు కనుక అక్క దానిని పుండు అనుకోలేదు.

మూడు నెలల తర్వాత శ్రీకాకుళంలో సర్జన్ దుర్గాభవాని గారు చూశారు. ఆవిడ తిప్పి చెప్పే మనిషి కాదు.

"బొటనవేలు, పక్క వేలు తీసెయ్యాలి. ఈ సోమవారం తీస్తే ఆ రెండింటితో పోతుంది. ఆలస్యమైతే ఎక్కడ ఆగుతుందో నేను చెప్పలేను."

"బొటనేలు నేకపోతే మీటెలాగ తొక్కుతానమ్మా?" అని అడిగింది అక్క.

"వేరే పని చూసుకోవాలి."

"నాకింకో పని రాదు." వాదించడానికి కాదు, ఊరి పేరు అడిగితే చెప్పినట్టు చెప్పింది.

బయటికి వచ్చాక, ఆటో ఎక్కకముందు, నా మణికట్టు పట్టుకుంది. "ఒరే స్టాన్లీ, పుండ్లకి ఏదో సేస్తన్నానంతావు కదా ఆరేళ్ళనించీ. అది మనుసులకేనా, ఎలకలకేనా?"

ఆ మాటలో ఎగతాళి ఉంది, ఆశ ఉంది. నేను ఆశకి జవాబిచ్చాను.

విజయనగరం దగ్గర ఒక ఫార్మసీ కళాశాలలో నేను పాలిమర్ల మీద పరిశోధన చేస్తాను. మానని పుండులో ఒక ఎంజైమ్ పేరుకుని ఉంటుంది. మామూలు గాయంలో అది చెడిన కణజాలాన్ని కోసి, కొత్తదానికి చోటిచ్చి, తగ్గిపోతుంది. మానని పుండులో తగ్గదు. శరీరం కట్టుకుంటున్న దానిని కూడా కోస్తూ పోతుంది. నా జెల్ పొడవాటి పాలిమర్ గొలుసుల వల. గొలుసుకీ గొలుసుకీ మధ్య వేసిన ముడి మాత్రం ఆ ఎంజైమ్ కోయగలిగినది. ఎంజైమ్ తగిలితే ముడులు తెగుతాయి, వల వదులవుతుంది, లోపల దాచిన మందు పుండులోకి దిగుతుంది. మందుతో పాటు కొంచెం నీలిరంగు కూడా బయటికి వచ్చి పైన ఉన్న గుడ్డకి అంటుతుంది. లోపల ఏం జరుగుతోందో కట్టు విప్పకుండానే తెలియాలని ఆ రంగు కలిపాను. ఎంజైమ్ లేకపోతే జెల్ మూసుకునే ఉంటుంది. అవసరమైన చోటే, అవసరమైనంతే. విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను దానిని "అడిగితేనే జవాబిచ్చే పదార్థం" అనేవాణ్ణి. ఆ మాట అంటే నాకు ఇష్టంగా ఉండేది.

ఆసుపత్రుల నుంచి తెచ్చిన రసితో ఎన్నోసార్లు పరీక్షించాను. ప్రతిసారీ నీలం వచ్చింది. ఎలుకల పుండ్లు మానాయి. మనుషుల మీద వాడడానికి అనుమతి ఇంకా రాలేదు. దస్త్రం నైతిక సమితి ముందు ఉంది. శనివారం నాడు ప్రయోగశాల ఫ్రిజ్‌లోంచి ఆరు బిళ్ళలు తీసి, ఐసుపెట్టెలో పెట్టుకుని, పలాస పాసింజరు ఎక్కాను. ఎవరికీ చెప్పలేదు. సోమవారం మేము ఆసుపత్రికి వెళ్ళలేదు.

రైల్లో ఒక పని చేశాను. ప్రయోగానికి వచ్చే మనిషిని అడగవలసిన ప్రశ్నల పత్రం ఒకటి నేనే తయారు చేసి ఉంచాను. పద్నాలుగు ప్రశ్నలు. అనుమతి లేని పనిలో కూడా పద్ధతి తప్పకూడదనిపించింది. ఇప్పుడు ఆ పట్టింపు చూస్తే సిగ్గుగా ఉంది. చీపురుపల్లి దాటాక సంచిలోంచి పత్రం తీసి అక్క తరఫున నేనే నింపాను. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. నాకు తెలియనిది ఏముంటుంది? పదకొండో ప్రశ్న: పుండు మీద గానీ చుట్టుపక్కల గానీ నాటుమందు, పసరు, నూనె ఏదైనా రాస్తున్నారా? ‘లేదు’ అని రాశాను. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

మొదటి బిళ్ళ అతికించి అక్కకీ బావకీ చెప్పాను. "గుడ్డ నీలమైతే మందు దిగుతోందని. రోజురోజుకీ నీలం తగ్గుతూ వస్తే పుండు శాంతిస్తోందని. పది రోజులు చూద్దాం."

"నీలం తగ్గాలన్నమాట," అంది అక్క.

"తగ్గాలి."

రెండో రోజు గుడ్డ నీలమైంది. నేను అనుకున్నదానికంటే ముదురుగా. కొత్త బిళ్ళ పెట్టి విజయనగరం వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి, నాలుగో రోజు, తెలుపు. పుండు అంచున ఒక గోధుమరంగు మరక ఉంది. నేను వాడిన అయొడిన్ మరక అనుకున్నాను.

ఆరో రోజు మధ్యాహ్నం బావ ఫోను చేశాడు. నేను ప్రయోగశాలలో ఉన్నాను.

"బావా, మీ అక్క పొద్దున్న వొణికింది. దుప్పటి కప్పితే తగ్గింది."

"గుడ్డ ఎలా ఉంది?"

"తెల్లగానే ఉన్నాది."

"అయితే అది వేరే జ్వరం. మాత్ర వెయ్యండి. సాయంత్రానికి తగ్గకపోతే చెప్పండి."

ఆయన ఫోను పెట్టలేదు. "వాసనొస్తన్నాది బావా."

"పుండు అన్నాక వాసన ఉంటుంది."

"ఇది మునుపటి వాసన కాదు. నాను ఇంట్లోనే ఉంతాను కదా, నాకు తెల్సు."

"గుడ్డ తెల్లగా ఉంటే భయం లేదు బావా."

"సదువుకున్నోడివి. నువ్వు సెప్తే అంతే," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

సాయంత్రం నేనే చేశాను. అక్క మాట్లాడింది. జ్వరం ఏమీ లేదంది. తినగలుగుతున్నానంది. ఆదివారం మందిరంలో తన కాలు కోసం ప్రార్థన చేశారని, పాస్టరు గారు జెల్ అనే మాటకి నోరు తిరగక "ఆ జిగురు" అన్నారని చెప్పి నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆయాసం విన్నాను. విన్నాననే ఇప్పుడు నమ్ముతున్నాను. అప్పుడు విన్నానో లేదో నిజంగా నాకు తెలియదు. మనిషి తన గతానికి కూడా సాక్ష్యాలు తయారు చేసుకోగలడు.

ఏడో రోజు ఫోనులో అడిగాను: తెలుపు. ఎనిమిదో రోజు: తెలుపు.

తొమ్మిదో రోజు ఉదయం వెళ్ళేసరికి బావ పనికి వెళ్ళలేదు. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే కళ్ళు తెరిచి నన్ను చూసి, "కూకో, టీ పెడతాను," అంది, లేవలేదు. చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. దుప్పటి తొలగించాను. పాదం ఉబ్బి మెరుస్తోంది. ఎరుపు చీలమండ దాటి, కాలిపిక్క మీదుగా మోకాలి దిశగా పాకింది.

కట్టు విప్పాను. మడత మడతకీ తెలుపు. జెల్ బిళ్ళ చెక్కు చెదరలేదు. దానిని అంచు పట్టి లేపాను. కింద ఉన్నదంతా చీము. చీము మీద నా బిళ్ళ గాజుపలకలా, శుభ్రంగా, మూసుకుని ఉంది. అది దేనినీ చూడలేదు. చూడలేదు కనుక నాకేమీ చెప్పలేదు.

బావ అడిగాడు. "ఇదేటి బావా? తెల్లగానే ఉన్నాది కదా."

అంబులెన్సు కావాలన్నాను. ఆయన 108కి ఫోను చేయడానికి బయటికి వెళ్ళాడు.

అప్పుడు లక్ష్మణమ్మ వచ్చింది. చేతిలో మందు సీసా ఒకటి, మూతకి గుచ్చిన కోడి ఈక. నన్ను చూసి గుమ్మంలో ఆగింది. సీసాలో ఉన్నది చూడనక్కరలేకపోయింది. మూత తియ్యకముందే వాసన తెలిసింది. తొక్కల నుంచి పిండిన జీడినూనె. మా అమ్మ చేతుల వాసన, అక్క జడ వాసన, నా బడిసంచి వాసన. ఆ ఇంట్లో అడుగు పెట్టిన ప్రతిసారీ అది నన్ను తాకుతూనే ఉంది. నేను దానిని ఇంటి వాసన అనుకున్నాను. పుండు వాసనల్లో దానికి చోటుందని తోచలేదు.

"అది ఎందుకు తెచ్చారు?" అని అడిగాను.

"రోజూ తెస్తన్నాను కదా బాబూ. ఈకతో రాస్తాను."

"ఎక్కడ?"

"మడమ పగుళ్ళకి ఎప్పుడూ రాసుకుంతాది. మావందరం రాస్తాము, నీకు తెల్దేటి? మీయమ్మా రాసేది. పుండు సుట్టూ మాత్రం నీ కట్టు వొచ్చాకే. అంచు కొంచెం ఎత్తి, లోపలికి ఒక్క సుక్క. పుండుమీద కాదు బాబూ, నిజం సెప్తన్నాను, సుట్టూనే."

"కట్టు వచ్చాక ఎందుకు?"

ఆమె అక్క వైపు చూసింది. అక్క కళ్ళు మూసుకునే చెప్పింది.

"నీలం సూసి బయమేసిందిరా. అంత ముదురు నీలం. ఇసంలాగున్నాది. నీలం తగ్గితే మంచిదని నువ్వే అన్నావు. తగ్గుతాదేమోనని రాయించుకున్నాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "తగ్గింది కదా."

తగ్గింది. మర్నాటికే తగ్గింది. వాళ్ళకి నూనె పనిచేసిన గుర్తు. నాకు నా జెల్ పనిచేసిన గుర్తు. ఒకే తెల్లగుడ్డను మధ్యన పెట్టుకుని మేము ముగ్గురం నవ్వుకున్నాం.

"ఆ రోజు ఫోనులో జ్వరం లేదని ఎందుకన్నావు?" అన్నాను.

"నువ్వు మంచిదన్నావు కదా. మల్లీ నానేటి సెప్పేది?"

అంబులెన్సులో గంటన్నర ప్రయాణం. అక్క తల నా ఒడిలో ఉంది. టెక్కలి దగ్గర గతుకులకి కళ్ళు తెరిచి, "నచ్చనమ్మనేటీ అనకు," అంది.

దుర్గాభవాని గారు కాలు చూసి చేతికి తొడుగు వేసుకుంటూ అడిగారు. "సోమవారం రమ్మన్నాను. ఏమైంది? పుండు మీద ఏం వాడారు?"

"ఏటీ నేదమ్మా," అంది అక్క. అంత జ్వరంలోనూ తడబడలేదు. "తమ్ముడు గుడ్డ మార్చినాడంతే."

ఆ క్షణం గురించి నేను చాలా ఆలోచించాను. నన్ను కాపాడే మాట అది. దానిని ఆమె ముందే సిద్ధం చేసుకుని ఉండాలి. నేను మౌనంగా ఉంటే సరిపోయేది. జీడినూనె రాసుకున్నారని చెప్పి, మిగిలినది చెప్పకుండా ఉన్నా సరిపోయేది. నూనె వాసన గదంతా ఉంది, డాక్టరు గారు వెంటనే నమ్మేవారు. ఆ రెండో దారి నా మనసులోకి వచ్చింది. వచ్చి, ఒక గుక్క ఊపిరి పట్టినంతసేపు నిలిచింది. దానిని ఇక్కడ దాచడానికి వీలు లేదు.

"నేను పెట్టాను," అన్నాను. "నేను తయారు చేసిన జెల్. ఎంజైమ్ తగిలితే తెరుచుకుని మందు వదలాలి. తెరుచుకోలేదు. చుట్టూ జీడినూనె రాశారు. రాయకూడదని నేను చెప్పలేదు. రాస్తారా అని అడగలేదు."

"పేరేమిటి దానికి?"

"ఇంకా పేరు లేదు."

"మనుషుల మీద వాడే అనుమతి?"

"లేదు."

ఆవిడ నన్ను తిట్టలేదు. జెల్‌లో ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటీ అడిగి, కేసు పత్రం మీద నా పేరుతో సహా రాసుకున్నారు. రాయడం అయ్యాక కలం మూత పెట్టి అన్నారు.

"మీకు నేను రెండు వేళ్ళు చెప్పాను."

"చెప్పారు."

"ఇప్పుడు మోకాలి కింద. ఈ రోజే. రేపటికైతే ప్రాణం గురించి మాట్లాడాలి."

బావ అంగీకార పత్రం మీద సంతకం పెట్టాడు. సాక్షి గడిలో నన్ను పెట్టమన్నారు. నేను పెట్టిన సంతకాల్లో అంత సరైన చోట పడినది మరొకటి లేదు.

శస్త్రచికిత్స అయిన మూడో రోజు, అక్కకి ప్రమాదం తప్పిందని చెప్పాక, నేను విజయనగరం వెళ్ళాను. లక్ష్మణమ్మ సీసా నా సంచిలో ఉంది. ప్రయోగశాలలో మూడు చిన్న గాజుగిన్నెలు పెట్టాను. మొదటిదానిలో జెల్, ఎంజైమ్. రెండోదానిలో జెల్, ఎంజైమ్, ఒక చుక్క జీడినూనె. మూడోదానిలో జెల్, నూనె. ముప్పావుగంటకి మొదటి గిన్నె నీలమైంది. మిగిలిన రెండూ సాయంత్రం దాకా నీళ్ళలా ఉన్నాయి.

జెల్ తప్పు చేయలేదు. ఎంజైమ్ అక్కడ ఉంది. నూనెలోని ఆమ్లం దానిని పట్టి కదలనివ్వలేదు. అమ్మ కాలంలో పిక్కలను బట్టీలో కాల్చేవారు. ఆ వేడికి ఆ ఆమ్లం విరిగిపోతుంది. ఇప్పుడు ఆవిరి పట్టి కోస్తున్నారు. అది చెడకుండా నిలుస్తుంది. కొన్ని సూక్ష్మజీవులను ఆ నూనె చంపుతుందని కూడా చదివాను. అంటే లక్ష్మణమ్మ పని అర్థం లేనిది కాదు. అక్క పుండులో పెరిగినవి దానికి లొంగే జాతి కావు, అంతే.

మన తార్కికులు ఒక చర్చ చేశారు. నేల మీద కుండ కనబడటం లేదు; కనుక కుండ లేదు. ఈ జ్ఞానం ఎక్కడి నుంచి వచ్చింది? కనబడకపోవడం కూడా తెలుసుకునే ఒక మార్గమేనని కొందరు ఒప్పుకున్నారు. కానీ ఒక షరతు పెట్టారు: కుండ ఉండి ఉంటే కనబడగలిగే స్థితి ఉండాలి. చీకటిగదిలో కుండ కనబడలేదని చెప్పి, లేదనకూడదు. ఇరవై ఏళ్ళ క్రితం చదివి ఆ షరతు కింద గీత గీసుకున్నాను. తర్వాత ఎంజైమ్ ఉంటే నీలం వస్తుందని వందసార్లు చూశాను. నీలం రాకపోతే ఎంజైమ్ లేనట్టేనా అని ఒక్కసారి కూడా అడిగి చూడలేదు. గదిలో దీపం ఉందని ఊరికే అనుకున్నాను.

మర్నాడు ఉదయం మా విభాగాధిపతి త్రినాథ్ గారు గిన్నెలను వెలుతురుకి ఎత్తి చూశారు. జరిగినదంతా చెప్పాను.

"ఇది మంచి ఫలితం స్టాన్లీ," అన్నారు. "ఏ పుండు మీద ఏ నూనె ఉందో తెలియకుండా ఈ వస్తువును బయటికి వదలకూడదని తేలింది. చాలామంది పాదాలు కాపాడుతుంది."

"అవునండి."

"అది విని నీకు ఊరట కలగడం లేదు."

"లేదండి."

"కలగకూడదు కూడా." గిన్నె కింద పెట్టారు. "సమితికి ఉత్తరం నువ్వే రాయి. నేను రాస్తే నిన్ను వెనకేసుకొస్తాను."

రాశాను. ఒక పేజీ పట్టింది. పదకొండో ప్రశ్నకి నేను రాసిన జవాబు ఉన్న పత్రాన్ని కూడా జత చేశాను. ప్రయోగశాల తాళం చెవి, గుర్తింపు కార్డు ఆయన బల్ల మీద పెట్టి స్టేషనుకి నడిచాను.

ఆసుపత్రికి వెళ్ళేసరికి సాయంత్రం అవుతోంది. అక్క దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. కుడివైపు దుప్పటి మోకాలి దగ్గర పల్లమైపోయి, అక్కడి నుంచి చదునుగా ఉంది. నేను అటే చూస్తూ నిలబడ్డాను.

"ఎంతసేపు సూస్తావు, అక్కడేటీ నేదు," అంది అక్క.

బావ లేచి నాకు స్టూలు ఇచ్చి, టీ తెస్తానని వెళ్ళాడు. ఆయన నాతో మాట్లాడడం తగ్గించాడు. కోపం వల్ల కాదు. ఏ మాట అడిగితే నేనేం జవాబు చెబుతానోనన్న జంకు అది.

"ఉజ్జోగం పోనాదా?" అని అడిగింది అక్క.

"పోతుంది."

"నాదీ పోనాది. ఇద్దరం కూకుందాము."

నేను ఏదో అనబోయాను. క్షమించమనే మాట ఇన్ని రోజులుగా నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆమెకి అది వినబడినట్టుంది. చెయ్యి అడ్డంగా ఊపింది.

"అదొద్దు. ఒక మాట సెప్పు. నాను ఆ నూనె రాయించుకోకపోతే నీది పనిసేసేదా?"

ఆ ప్రశ్నకి ‘అవును’ అంటే తప్పు ఆమెది అవుతుంది. ‘కాదు’ అంటే నేను ఆరేళ్ళు చేసిందీ, ఆమె నన్ను నమ్మిందీ ఊరికే అవుతాయి. ఏది నిజమో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

"మరి నచ్చనమ్మ ఊరుకుని, నువ్వూ ఊరుకుని, ఆ సోమారం ఇక్కడికొచ్చుంటే?"

"రెండు వేళ్ళు."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. కిటికీలోంచి చాలాసేపు బయటికి చూసింది. అక్కడ చూడవలసినది ఏదీ లేదు. ఒక నీళ్ళ ట్యాంకు, తీగ మీద ఆరేసిన దుప్పట్లు. నాకు భరించరానిదిగా ఉన్నది ఆ నిశ్శబ్దమే. ఇకమీదట ఏ నిశ్శబ్దాన్నీ నేను ‘బాగుంది’ అని చదువుకోలేను.

తర్వాత ఆమె దుప్పటి కిందనుంచి ఎడమ పాదం బయటికి తోసింది.

"మడమ పగిలి దుప్పటికి పట్టుకుంతన్నాది. కాస్త రాయరా."

"జీడినూనె రాయకూడదు అక్కా. అది చర్మాన్ని తినేస్తుంది. తింటున్నా నీకు స్పర్శ తెలియదు."

"తెల్సులే. ఉన్నదేదో రాయి."

బల్ల మీద కొబ్బరినూనె సీసా ఉంది. అరచేతిలో వేసుకుని ఆమె మడమ నా మోకాలి మీదికి తీసుకున్నాను. పగుళ్ళు నల్లగా, లోతుగా ఉన్నాయి. ఒక్కొక్క దానిలో ముప్పై ఎనిమిదేళ్ళ నూనె ఇంకిపోయి ఉంది. నా వేలు వాటిలోకి దిగింది. ఆ తొమ్మిది రోజుల్లో వచ్చిన ప్రతిసారీ నేను, ఇప్పుడు లేని ఆ రెండో పాదం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. పుండు కొలిచాను, ఫొటోలు తీశాను, రంగు చూశాను. అరచెయ్యంత దూరంలో ఉన్న మడమను ఒక్కసారి ముట్టుకుని ఉంటే నా వేళ్ళకి ఆ నూనె అంటేది. అడగవలసిన అవసరం కూడా ఉండేది కాదు.

"నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"తెల్దురా," అంది అక్క. "సూసి నువ్వే సెప్పు."

నేను వంగి చూశాను. చీకటి పడుతోంది. లేచి దీపం వేసి, మళ్ళీ కూర్చుని, ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, మొదటి పగులు నుంచి మొదలుపెట్టాను.